తూటాలు తరగని సినిమా తుపాకీ గారికి

మహారాజశ్రీ సినిమా తుపాకీ గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో తమరి దర్శనభాగ్యం కలిగింది. మేజర్ వేషంలో ఉన్న హీరో గారు తమరిని ఒంటి చేత్తో నడుము దగ్గర పట్టుకుని కొండ మీదున్న శత్రువులందరినీ కడిగేశారు. ఖాండవ దహనానికి ముందు అర్జునుడికి అక్షయ తూణీరాలు దొరికాయని విన్నాం గానీ, అవి ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో అద్దెకు తిరుగుతున్నాయని తెలీదు.

నా పక్కన మా పెదనాన్న కూర్చున్నారు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం ఆయనది. ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్లే ఊరు. హవల్దారుగా రిటైరయ్యారు. ఒళ్లో వేరుశెనక్కాయల పళ్లెం. తమరు పేలడం మొదలెట్టగానే ఆయన ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని, "అయిపోయాయిరా, మ్యాగజైన్ మార్చాలి" అన్నారు.

తమరు ఏకే వంశం కదా, మ్యాగజైన్‌లో ఉండేవి 30 తూటాలు. నిమిషానికి 600 చొప్పున ఆపకుండా కాలిస్తే మూడు సెకన్లలో ఖాళీ. మన దేశంలో తయారైన ఇన్సాస్ రైఫిల్‌కైతే 20తో సరి, అదీ ఒకసారి నొక్కితే మూడుకు మించి పేలదు. తమరు మాత్రం పెదనాన్న పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఆగలేదు.

మేజర్ గారి గుబురు గడ్డం, టోపీ లేకుండా కొట్టిన సెల్యూట్ గురించి రాస్తే లేఖ పెరుగుతుంది, వదిలేస్తున్నా. గ్రెనేడ్ పిన్నును పళ్లతో లాగినప్పుడు మాత్రం పెదనాన్న తన కట్టుడు పళ్లు ఓసారి సర్దుకున్నారు.

ఆయన బాధ వేరే. ఫైరింగ్ రేంజ్‌లో కాల్చిన ప్రతి తూటాకీ ఖాళీ గుల్ల తిరిగి అప్పజెప్పాలి. ఖోకా అంటారు దాన్ని. ఒకరోజు సాయంత్రం లెక్కలో ఒక్క ఖోకా తగ్గింది. అంతే, కంపెనీ మొత్తం వరసగా మోకాళ్ల మీద కూర్చుని గడ్డిలో చేతులు పెట్టి దేవులాట. చీకటి పడింది, టార్చీలు వచ్చాయి, లంగర్‌లో, అదే మిలిటరీ వంటశాలలో, పప్పు చల్లారిపోయింది. చివరికి అది ఓ కుర్రాడి చొక్కా చేతి మడతలో దొరికింది. వాణ్ణి ఏం చేశారని అడిగితే పెదనాన్న నవ్వి ఊరుకున్నారు. ఆ వెతుకులాటలో ఉన్న టెన్షన్ తమరి క్లైమాక్స్‌లో నాకు కనపడలేదు.

తమరు మనసు కష్టపెట్టుకోనంటే ఇంకో మాట. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్‌లో, చైనా సైనికులతో పోరులో, మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబుతో కలిపి 20 మంది పోయారు. అక్కడ ఒక్క తూటా పేలలేదు. సరిహద్దు దగ్గర కాల్పులు వద్దని 1996లో రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందం ఉంది. రాళ్లు, కర్రలు, ఎముకలు కొరికే చలి, కింద నది. తమరి అవసరమే రాని పోరు. అలాంటిది తీయాలంటే సౌండ్ ఇంజనీరుకు ఏం పని చెప్పాలో!

ఆ మరుసటి నెలలోనే, సైన్యం మీద సినిమాగానీ వెబ్ సిరీస్‌గానీ తీస్తే విడుదలకు ముందు తమ దగ్గర ఎన్‌ఓసీ తీసుకోవాలని రక్షణ శాఖ సెన్సార్ బోర్డుకు ఉత్తరం రాసింది. అది సైన్యం పరువు కోసం. తమరి తూటాల లెక్క చూసే శాఖ ఇంకా పుట్టినట్టు లేదు.

సరే, సినిమా అయిపోవచ్చింది. వెనకాల మంటలు, ముందు హీరో గారు, భుజం మీద తమరు, స్లోమోషన్‌లో నడక. మా పిల్లలు ఈలలు. పెదనాన్న కళ్లజోడు పైకి తోసుకుని టీవీ దగ్గరికి వంగి, హీరో కాళ్ల కింద నేలంతా పరకాయించి చూశారు.

"ఇన్ని ఖోకాలు ఎవడు ఏరతాడ్రా?"

ఇట్లు,
సోఫా కింద వేరుశెనగ తొక్కలు ఏరుతూ,
తమ విధేయుడు