అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ పూజయామి

చవితి అయింది గానీ ఇంకా నిమజ్జనం కాలేదు. మా వీధి మండపంలో మైకు మోగుతూనే ఉంది. ఈలోపే ఇది రాసి పడేస్తున్నాను. ఆలస్యమైతే మా ఆవిడ చెప్పే కథే చుట్టాలందరిలో ఖాయమైపోతుంది. దాంట్లో ప్రతి తప్పూ నాదే.

సంగతి క్లుప్తంగా చెబుతాను. తెనాలి నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారు. పంతులుగారు దొరకలేదు. చవితి నాడు హైదరాబాదులో పంతులుగార్లు బండి మీద ఇల్లిల్లూ తిరుగుతూ సంకల్పం ఒకచోట, ఉద్వాసన ఒకచోట చెబుతుంటారు. కాబట్టి చాలా ఇళ్ళల్లోలాగే మేమూ ఆన్‌లైన్‌లో పూజా విధానం వీడియో పెట్టుకుందామనుకున్నాం. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ వైరు తగిలించి టీవీకి కలిపాను.

టీవీలోనే యాప్ ఉంది కదా అని అడగొద్దు. ఉంది. దాంట్లో ప్రకటనలు వస్తాయి. ల్యాప్‌టాప్‌లోని క్రోమ్ బ్రౌజర్లో అయితే యాడ్ బ్లాకర్ ఉంది, అంటే ప్రకటనలు ఆపడానికి బ్రౌజరుకు తగిలించుకునే యాడ్‌ఆన్, చిన్న ప్రోగ్రాము. అది పెట్టుకున్నాక నేను ప్రకటన మొహం చూడలేదు. ఈ ముక్క ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మావయ్యగారికి గట్టిగా చెప్పాను. గట్టిగా అంటే, ఆయనకు వినపడేలా. గొప్పలు పోయానని మా ఆవిడ అంటోంది.

ఆ రాత్రి మా బ్రౌజరుగారు తనంతట తాను అప్‌డేట్ అయ్యారు.

పొద్దున పూజ మొదట్లో ఒక్క ప్రకటనా రాలేదు. అదే పెద్ద మోసం. మొదట్లోనే వచ్చుంటే సర్దుకునేవాణ్ణి. తెర మూలన ఏదో చిన్న సూచన డబ్బా వచ్చిందని, తనే తీసేశానని మా అబ్బాయి సాయంత్రం తీరిగ్గా చెప్పాడు. సంకల్పం అయింది, ప్రాణప్రతిష్ఠ అయింది, పత్రిపూజలోకి దిగాం.

ఇక్కడ మావయ్యగారి గురించి కొంచెం చెప్పాలి. రిటైర్డ్ హెడ్మాస్టరు. ఉచ్చారణ విషయంలో రాజీ లేదు. ఒత్తు పలకనివాణ్ణి ఆయన మనిషిగా లెక్కపెట్టరు. వినికిడి మిషను ఉంది గానీ, గంట కొడితే అది చెవిలో ఈల వేస్తుందని పూజలో తీసి జేబులో పెట్టుకుంటారు. కళ్ళు మూసుకుంటారు. టీవీలో పంతులుగారు చెప్పింది ఎంత వినబడితే అంత పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, తన గంభీర స్వరంతో తిరిగి చెబుతారు, ఆకు వేస్తారు. కళ్ళు మూసుకునే వేస్తారు. ఏ ఆకు అన్నది ఆయనకు పట్టదు. నిజానికి ఎవరికీ పట్టదు. మార్కెట్లో కట్టగట్టి అమ్మే పత్రిలో ఇరవై ఒక్క రకాలూ ఉంటాయని అమ్మేవాడు కూడా అనడు.

"లంబోదరాయ నమః, బదరీపత్రం పూజయామి."

వేశారు.

"గుహాగ్రజాయ నమః, అపామార్గపత్రం పూజయామి."

వేశారు. తర్వాత రావాల్సింది గజకర్ణుడు, తులసి. వచ్చింది శంకరపల్లి.

పేరులోనే శంకరుడు ఉన్నాడు కాబట్టి మొదట ఎవరికీ అనుమానం రాలేదు. పైగా వెనక వీణ వాయిస్తున్నారు. చెప్పేవాడి గొంతు మన పంతులుగారి గొంతు కంటే నిండుగా ఉంది. ఇంకో దురదృష్టం ఏమిటంటే, ప్లాట్ల ప్రకటన చదివేవాళ్ళు మాటకీ మాటకీ మధ్య ఆగుతారు, ధర మన బుర్రలోకి దిగేదాకా. పంతులుగారు కూడా నామానికీ నామానికీ మధ్య ఆగుతారు, ఆకు మన చేతికి దొరికేదాకా. రెండు విరామాలూ కొలిచినట్టు ఒకటే.

"శంకరపల్లి మెయిన్ రోడ్ ఫేసింగ్," అంది టీవీ.

"శంకరపల్లి మెయిన్ రోడ్ ఫేసింగ్," అన్నారు మావయ్యగారు, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. ఆగారు. టీవీ పూజయామి అనలేదు. పాపం పంతులుగారు మరిచిపోయారనుకున్నారో ఏమో, తనే పూరించారు. "పూజయామి." ఆకు వేశారు.

"నలభై అడుగుల రోడ్లు."

"నలభై అడుగుల రోడ్లు పూజయామి."

మా అబ్బాయి ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. పూజలో మాట్లాడకూడదు కాబట్టి చూసింది అంతే. ఆ చూపు ప్రింటు తీయిస్తే పది పేజీలు వస్తుంది.

"క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్." ఇది రెండు నామాలుగా విడగొట్టి, రెండింటికీ వేరువేరుగా ఆకు వేశారు మావయ్యగారు. హెడ్మాస్టరు కదా, ఆయనకు పదవిభాగం తెలుసు. "బ్యాంకు లోను సదుపాయం కలదు" అన్నప్పుడు వెనకనుంచి అత్తయ్యగారు చేతులు జోడించి కళ్ళకద్దుకున్నారు. ఆవిడకు చెవులు బాగానే వినబడతాయి. మరి ఎందుకు అద్దుకున్నారో నేను అడగలేదు, ఇప్పటికీ అడగదలచుకోలేదు.

ల్యాప్‌టాప్ ఎక్కడుందో చెప్పలేదు కదూ. టీవీ స్టాండు మీద, పాలవెల్లి వెనకాల. పాలవెల్లికి వెలక్కాయ, మొక్కజొన్న పొత్తులు, సీతాఫలాలు వేలాడుతున్నాయి. నేను పట్టుపంచెలో ఉన్నాను. కుడి చేతి వేళ్ళకు పసుపు, ఎడమ అరచేతిలో అక్షతలు. లేవబోయాను. మా ఆవిడ కళ్ళతోనే "మడి" అంది. ముట్టుకుంటే మళ్ళీ స్నానం. ముట్టుకోకపోతే మావయ్యగారు లేఅవుటు మొత్తం పూజించేలా ఉన్నారు.

"అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ."

"అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ పూజయామి," అన్నారాయన. ఈసారి చేతికి దొరికింది దానిమ్మ రెమ్మ. మంచి రెమ్మ. దాన్ని కళ్ళకద్దుకుని మరీ వేశారు.

ఇక లాభం లేదని పాలవెల్లి కింద నుంచి చెయ్యి దూర్చాను. తెర మూలన స్కిప్ బటన్ ఉంది. నొక్కడమే తరువాయి. కానీ పసుపు తడి వేలుకీ టచ్‌ప్యాడ్‌కీ పొసగదు. బాణం గుర్తు నేను జరపమన్న వైపు తప్ప అన్ని వైపులకూ వెళ్ళింది. మొదటి తాకిడికి ప్రకటన మీదే పడింది. వీడియో పోయి వెంచరువాళ్ళ ఫారం తెరుచుకుంది, యాభై అయిదు అంగుళాల్లో, పిల్లలు కేరింతలు కొడుతున్న పార్కు బొమ్మతో సహా. ఇంకో తాకిడికి నా పేరు, ఫోను నంబరు, ఈమెయిలు వాటంతటవే నిండిపోయాయి. ఇది మాత్రం మెచ్చుకోవాలి. రాత్రి అప్‌డేట్‌లో యాడ్ బ్లాకర్ గల్లంతయింది గానీ నా ఫోను నంబరు చెక్కుచెదరలేదు. మూడో తాకిడికి సబ్మిట్ అయింది. "ధన్యవాదాలు, మా ప్రతినిధి త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తారు."

"త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తారు," అన్నారు మావయ్యగారు. అన్నాక మాత్రం ఒక కన్ను తెరిచారు. అది టీవీ చెప్పింది కాదు, మా అబ్బాయి నవ్వు ఆపుకోలేక పైకి చదివింది.

ఆ తర్వాత మిగతా పత్రి, కథ, నైవేద్యం ఎలా జరిగాయో నాకు తెలీదు. ఉండ్రాళ్ళు బాగున్నాయి. శమంతకోపాఖ్యానం విని అక్షతలు వేసుకుంటే నీలాపనిందలు అంటవంటారు. నాకు కథ సగంలో ఉండగానే అంటుకున్నాయి.

భోజనాలకు మా బావమరిది దిగాడు. సాఫ్ట్‌వేరు. విషయం విని, అరిటాకు ముందు కూర్చుని, పులిహోర కలుపుకుంటూ, "అది పాడవలేదు బావా, వాళ్ళే తీసేశారు. మేనిఫెస్ట్ మారింది కదా. అంతా మీ సెక్యూరిటీ కోసమే," అన్నాడు. మేనిఫెస్ట్ అంటే యాడ్‌ఆన్లు ఎలా పనిచేయాలో బ్రౌజరు పెట్టే పద్ధతట. అది మారితే ఎవరికైనా ఏం తెలుస్తుంది? అడిగాను. వాడు చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత ఇది. పాత పద్ధతిలో, పేజీ తెచ్చుకునే ప్రతి ముక్కనూ యాడ్‌ఆన్ అప్పటికప్పుడు చూసి, ఇది ప్రకటన, రానివ్వను అనేది. కొత్త పద్ధతిలో యాడ్‌ఆన్ ముందుగానే నియమాల జాబితా రాసి ఇవ్వాలి. ఆపడం, ఆపకపోవడం బ్రౌజరే చూసుకుంటుంది. అంటే మన అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను మాన్పించి, ఎవరెవరిని రానివ్వకూడదో చీటీ రాసివ్వండి చాలు అని గేటు దగ్గర బిల్డరు మనిషిని కూర్చోబెట్టినట్టు. ఆ బిల్డరుగారి, అంటే క్రోమ్ తయారుచేసే గూగుల్ వారి, అసలు వ్యాపారం ప్రకటనలమ్మడం. ఈ మాట నేను పైకే అన్నాను.

"అలా అనకు బావా. కొన్ని యాడ్‌ఆన్లు డేటా దొంగిలిస్తాయి," అన్నాడు. నిజమే, దొంగవి ఉన్నాయి, కాదనను. దొంగలు దూరే రంధ్రాలు పూడ్చే అప్‌డేట్లు వెంటనే వేసుకోవాల్సిందే, దానికీ నేను కాదనను. కానీ రంధ్రం పూడ్చే ముక్కనూ, నాకు పనికొచ్చేదాన్ని పీకేసే ముక్కనూ ఒకే పొట్లంలో కట్టి, అర్ధరాత్రి ఇచ్చి, ఇది కావాలంటే అదీ మింగు అనడం ఏం సెక్యూరిటీ? ఆఫీసులకైతే అదనంగా గడువు ఇచ్చారట. వాడే చెప్పాడు, అప్పడం విరుస్తూ. వాళ్ళకు ఐటీ విభాగం ఉంది, గొడవ చేస్తుంది. మనకు మడి ఉంది.

ఈ జబ్బు ఇవాళ్టిదీ కాదు. 2011లో ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజరు కూర్పుల పరుగు మొదలుపెట్టింది. మార్చిలో 4 వచ్చింది, డిసెంబరు కల్లా 9 అయింది. అప్పట్లో ప్రతి యాడ్‌ఆన్ తాను ఏ కూర్పు వరకు పనిచేస్తుందో లోపల రాసుకునేది. నంబరు దాటగానే, ఏమీ చెడకపోయినా, పొంతన లేదని బ్రౌజరు పక్కన పెట్టేసేది. ఆరేసి వారాలకో నంబరు. యాడ్‌ఆన్ రాసినవాడేమో ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు ఊరికే రాసిపెట్టినవాడు, ఆ నంబరు మార్చడానికి వాడికి తీరికుండాలి. ఈనాడు లాంటి పత్రికలు సొంత ఫాంట్లతో వెబ్‌సైట్లు నడిపిన రోజుల్లో, ఆ అక్షరాలను ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే యాడ్‌ఆన్ ఉండేది. పాతకాపులకు గుర్తుండే ఉంటుంది. 2012 జనవరిలో పదో కూర్పు వచ్చాక, చాలామటుకు యాడ్‌ఆన్లు మామూలుగా పనిచేస్తాయనే అనుకుందాం అని పద్ధతి మార్చారు. హమ్మయ్య అనుకున్నారు జనం. 2017 నవంబరులో 57వ కూర్పు వచ్చి పాత తరహా యాడ్‌ఆన్లన్నిటినీ ఒక్క దెబ్బకు సాగనంపింది. 2019 మేలో, యాడ్‌ఆన్లు అసలైనవేనని ధ్రువీకరించే ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోయి, ఎవరూ ఏ అప్‌డేటూ వేయకుండానే ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ యాడ్‌ఆన్లు ఆగిపోయాయి. క్రోమ్ 2021లో ఆరు వారాల నుంచి నాలుగు వారాలకు దిగింది. అమావాస్యకూ పున్నానికీ కాదుగానీ అప్పట్లో నెలకో కూర్పు మాత్రం ఖాయమైంది.

ఇదంతా మావయ్యగారికి వివరించాను. మిషను పెట్టుకునే విన్నారు. విని, "అయితే తప్పు నీది కాదంటావు," అన్నారు.

"కాదు మావయ్యగారూ."

"సరే. ఇంతకీ గజం ఎంతన్నాడు?"

నవ్వులాటకు అడిగారేమో అనుకున్నాను. ఎందుకంటే మా బావమరిది నవ్వాడు. అత్తయ్యగారు నవ్వలేదు. ఆవిడ అప్పుడే గారెలు వడ్డిస్తూ, "నలభై అడుగుల రోడ్లన్నాడుగా, మంచిదే. కాగితాలు క్లియర్‌గా ఉన్నాయని కూడా అన్నాడు," అన్నారు. అన్ని నామాలూ ఆవిడకు వరసగా కంఠతా ఉన్నాయి.

ఇప్పుడు కొత్త బ్లాకర్ పెట్టాను. పేరు వెనక లైట్ అని ఉంది, అంటే తేలికరకం. పర్లేదు, చాలావరకు ఆపుతోంది, అయినా అప్పుడప్పుడూ ఏదో ఒకటి తొంగిచూస్తోంది. బ్రౌజరు మార్చేద్దామని కూడా చూశాను. కానీ మా ఆవిడ కరెంటు బిల్లు, గ్యాసు, స్కూలు ఫీజు పాస్‌వర్డులన్నీ దీంట్లోనే ఉన్నాయట. "దాన్ని మాత్రం ముట్టుకోకండి," అంది. మడి మళ్ళీ మొదలైంది.

ఇది రాస్తుండగానే ఫోను మోగింది. "సార్, పండగ రోజు మన వెంచరు మీద ఇంట్రెస్ట్ చూపించారు కదా," అంది ఒక అమ్మాయి. చూపించలేదమ్మా, అది మా బ్రౌజరు అని చెప్పబోయాను. ఈలోగా మావయ్యగారు చెయ్యి చాచి ఫోను తీసేసుకున్నారు. పడమర రోడ్డా, తూర్పు రోడ్డా అని అడిగారు. నీళ్ళు ఎన్ని అడుగుల్లో పడ్డాయన్నారు. కార్నరు బిట్టుకు ఎక్కువెందుకు తీసుకుంటారని ఆ పిల్లను నిలదీశారు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి క్యాబ్ పంపిస్తారట. నలుగురికి చోటు. భోజనం వాళ్ళదే.