సవరణ: 1941లో టెడ్ విలియమ్స్ చివరి రోజు

1941 అమెరికన్ బేస్‌బాల్ సీజన్ గురించి రాస్తూ, .400 బ్యాటింగ్ సగటు (అంటే లెక్కలోకి వచ్చే ప్రతి పది అవకాశాల్లో నాలుగు హిట్లు; బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరితే హిట్) కాపాడుకోవడానికి బ్యాటర్ టెడ్ విలియమ్స్ సీజన్ చివరి రోజు ఆడలేదని అన్నాను. అది తప్పు. జరిగింది పూర్తిగా వేరు.

సెప్టెంబర్ 28 ఉదయానికి అతని సగటు .39955. మూడు అంకెలకు సవరిస్తే రికార్డుల్లో అది .400గానే లెక్కకు వస్తుంది. కావాలంటే ఆడకుండా ఉండవచ్చని అతని జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ మేనేజర్ జో క్రోనిన్ చెప్పినా విలియమ్స్ ఒప్పుకోలేదు. ఎంత టెన్షన్ పడి ఉంటాడో! 23 ఏళ్ల కుర్రాడు. ఫిలడెల్ఫియాలో ఆ రోజు రెండు మ్యాచ్‌లూ ఆడాడు. లెక్కలోకి వచ్చిన 8 అవకాశాల్లో 6 హిట్లు కొట్టి, .406తో సీజన్ ముగించాడు.

అదే సీజన్‌లో న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు జో డిమాజియో వరుసగా 56 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టాడని రాసిన విషయంలో మార్పేమీ లేదు. విలియమ్స్ తెగువను పిరికితనంగా చూపించినందుకు మాత్రం నిజంగా బాధగా ఉంది. క్షమించండి.