గోల్ అవునో కాదో అందరికీ తెలియాలి

1999 జూన్ 19 రాత్రి అమెరికాలోని బఫెలోలో మొదలైన ఐస్ హాకీ మ్యాచ్ అర్ధరాత్రి దాటాక గానీ ముగియలేదు. అది నేషనల్ హాకీ లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్స్‌లో ఆరో మ్యాచ్. బఫెలో సేబర్స్, డాలస్ స్టార్స్ చెరో గోల్‌తో సమంగా ఉన్నాయి. మూడో ఓవర్‌టైమ్‌లో డాలస్ ఆటగాడు బ్రెట్ హల్, గోలీ (గోల్ కీపర్) డొమినిక్ హాషెక్ ఆపిన పక్‌ను, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను, మళ్లీ అందుకుని వలలోకి కొట్టాడు. కప్ డాలస్‌ది అయిపోయింది. అయితే పక్ క్రీజు బయట ఉండగానే హల్ స్కేటు క్రీజులో ఉంది. గోల్ ముందు నీలం రంగు వేసి ఉండే చోటునే ఈ ఆటలో క్రీజు అంటారు.

పక్ కంటే ముందు దాడి చేసే ఆటగాడి కాలు క్రీజులో పడితే గోల్ చెల్లదన్నది అప్పటి రూలు. ఆ సీజన్‌లో అలాంటి గోల్స్‌ను వీడియో చూసి మరీ రద్దు చేశారు. హల్ దగ్గరికి వచ్చేసరికి, పక్ మొదటి నుంచీ అతని అదుపులోనే ఉంది కాబట్టి గోల్ సరైనదేనని నేషనల్ హాకీ లీగ్ చెప్పింది. ఈ మినహాయింపు గురించి జట్లకు ముందే మెమో పంపామని చెప్పుకుంది. మరి టికెట్ కొనుక్కుని, గొంతు పోయేలా అరిచిన జనానికి ఆ సంగతి ఎవరు చెప్పారు? ఆ వేసవిలోనే లీగ్ ఆ రూలును పక్కన పెట్టింది. ‘నో గోల్’ అన్న మాట మాత్రం బఫెలో అభిమానుల నోట నిలిచిపోయింది.

ఆ గోల్ సరైనదేనని వాదించే వాళ్లతో మాకు పేచీ లేదు. మా అభ్యంతరమల్లా ఆ మెమో మీదే. 2019 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్‌లో సూపర్ ఓవర్ కూడా టై అయితే, బౌండరీల లెక్క చూసి ఇంగ్లండ్‌కు కప్ ఇచ్చారు. అక్టోబరులో ఐసీసీ ఆ పద్ధతినే తీసేసింది. న్యూజిలాండ్‌కు జరిగింది చూసి మన పాఠకులెందరో బాధపడ్డారు. అయినా అక్కడ రూలు ముందే అందరికీ తెలిసేలా రాసి ఉంది. బఫెలోకు ఆ పాటి ఊరట కూడా లేదు.

ఆ తర్వాత కూడా గోల్ మీద గొడవ జరగడం, దాని వెనకే రూలు మారడం చూస్తూనే ఉన్నాం. ప్రత్యర్థి వైపు భాగానికి హద్దుగా మంచు మీద గీసిన బ్లూ లైన్‌ను పక్ కంటే ముందే దాటితే ఆఫ్‌సైడ్. 2013లో కొలరాడో ఆటగాడు మాట్ డ్యుషేన్ కొట్టిన ఆఫ్‌సైడ్ గోల్ చెల్లిపోయి పెద్ద చర్చ అయింది. 2015-16 సీజన్‌లో కోచ్ చాలెంజ్, అంటే వీడియో చూసి తేల్చమని కోచ్ అడిగే వీలు, వచ్చింది. 2019 ప్లేఆఫ్స్‌లో శాన్ హోసే ఆటగాడు టీమో మెయర్ చేత్తో తోసిన పక్ చివరికి ఎరిక్ కార్ల్‌సన్‌కు చేరి, ఓవర్‌టైమ్ గోల్‌గా మారింది. అలా చేత్తో పక్ అందించడం తప్పని ప్రత్యర్థులైన సెయింట్ లూయిస్ వాళ్లు మొత్తుకున్నారు. రిఫరీలు ఒకచోట చేరి మాట్లాడుకున్నారు. వీడియో చూసే అధికారం మాత్రం రూలులో లేదు. తర్వాతి సీజన్ నుంచి దానికీ చాలెంజ్ పెట్టారు.

మార్పులన్నీ తప్పని మేం అనడం లేదు. 2020-21 నుంచి స్కేటు గాల్లో ఉన్నా బ్లూ లైన్ మీదుగా ఉంటే ఆన్‌సైడే. ఇది మంచి మార్పు. బ్లేడు మంచు నుంచి పిసరంత లేచిందని చక్కటి గోల్స్‌ను రద్దు చేయడం ఆటను చిన్నబుచ్చడమే. చెల్లని చాలెంజ్‌తో ఊరికే ఆటను ఆపే కోచ్‌లకు రెండు నిమిషాల పెనాల్టీ కూడా సబబే.

అసలు చిక్కు గోలీకి అడ్డు తగలడం దగ్గరుంది. 2018 మార్చి నుంచి ఇందులో చివరి మాట టొరంటోలో లీగ్ వాళ్లు వీడియో చూసి తేల్చే సిచువేషన్ రూమ్‌ది. తీర్పు ఒకే గదికి మారినా, ఒకేలా కనిపించే రెండు ఘటనల్లో ఒకటి గోల్ ఎలా అవుతుందో, రెండోది ఎందుకు కాదో అభిమానికి అంతుపట్టదు. తగిలింది ఎంత, గోలీ కదలగలిగాడా, డిఫెండరే తోశాడా అన్నవన్నీ మనిషి అంచనాలే. ఆ టెన్షన్‌లో రెండు ముక్కల ప్రకటన సరిపోదు. ప్రతి తీర్పుకూ వాళ్లు చూసిన కోణాలన్నీ పెట్టి, ఏ అంశం నిర్ణయాన్ని మార్చిందో ఆ రాత్రే చెప్పాలి. రూలుకు కొత్త అర్థం చెప్పదలిస్తే సీజన్ మొదలయ్యే ముందు, బహిరంగంగా చెప్పాలి. ఆఫ్‌సైడ్ చాలెంజ్‌కు గడువు కూడా ఉండాలి. పక్ లోపలికి వచ్చాక అర నిమిషం పాటు ప్రత్యర్థి దాన్ని బయటికి కొట్టలేకపోయాడంటే, ఆ తర్వాత పడిన గోల్‌కు ఆ పాత ఆఫ్‌సైడ్‌ను ముడిపెట్టకూడదు.