గోడ మీది సర్టిఫికెట్టు గారికి

మహారాజశ్రీ గోడ మీది సర్టిఫికెట్టు గారికి, నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమే అయి ఉంటారు, మనిద్దరి మధ్య నాలుగడుగులే కాబట్టి నాకు కనపడుతూనే ఉన్నారు. మీ వెనక కాపురముంటున్న బల్లి కూడా బాగానే ఉంది. ఉభయకుశలోపరి.

ఇంక ఈ "మీరు" వద్దు గానీ, నువ్వనే అంటాను. కార్లకి మెరుగుపెట్టే క్లాసుకి 18,000 రూపాయలు పోసి నిన్ను తెచ్చుకున్నవాణ్ణి, ఆపాటి చనువు ఉండదా. నిన్ను మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ అన్నమాట నీకు గుర్తుండే ఉంటుంది. "వాటర్ సర్వీసింగుకి మూడొందలు ఇస్తారు కదండీ, అంటే దీనికోసం అరవై కార్లు కడగాలన్నమాట." లెక్కలు రాసే ఉద్యోగం నాది, లెక్క చెప్పింది ఆవిడ.

విషయానికొస్తాను. సిమెంటు డీలరు దగ్గర పగలంతా పద్దులు రాసుకునే నాకు ఆదివారాలు ఓ సైడ్ బిజినెస్ ఉంటే బావుంటుందనిపించింది, మన విజయనగరంలో చూస్తే రింగురోడ్డు నిండా కార్లే, కడిగేవాళ్లున్నారు గానీ డీటెయిలింగ్, అంటే లోపలా బయటా శుభ్రం చేసి పాలిష్ పట్టి కొత్తదానిలా మెరిపించడం, చేసేవాళ్లు నా కంటికి పెద్దగా ఆనలేదు, ఇంకేం, నేర్చుకుని మొదలుపెట్టేద్దాం అనుకున్నాను. ఫోన్లో ప్రకటన కనపడింది. రెండు రోజులు, విశాఖలో, "కంప్లీట్ హ్యాండ్స్ ఆన్". ఆ మాటకే పడిపోయాను. కారు మీద చెయ్యి వేయడమంటే మా వైపు గుర్తొచ్చేది కోడి రామ్మూర్తి నాయుడు గారు, రెండు కార్లకి తాళ్లు కట్టించుకుని రెండింటినీ కదలనివ్వకుండా ఆపిన వీరఘట్టం మనిషి. నేనంత అడగలేదు. పాలిషింగ్ మిషన్ ఓ గంట పట్టుకోనిస్తే చాలనుకున్నాను.

వెళ్లేసరికి 24 మందిమి. మిషన్లు రెండు. ప్రాక్టికల్ ఆరు గంటలు. పెన్ను చేతిలో ఉంటే ఊరుకోలేను కదా, లెక్క వేసి చూశాను. రెండు మిషన్ల మీద 720 నిమిషాలు, మనిషికి అరగంట, పర్వాలేదు. తీరా టీలు, భోజనాలు, సారు డెమో, సారు డెమోని అందరూ వీడియో తీసుకోవడం, "కొంచెం ఇటు చూడండి" అన్నీ పోను నా చేతికి మిషన్ వచ్చింది పదకొండు నిమిషాలు. అందులో నాలుగు ఫొటోకి. ఫొటో బాగా వచ్చింది, మిషన్ మాత్రం ఆఫ్‌లో ఉంది. మిగతా సమయమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాను, అది కూడా చేతులతో చేసే పనే కాబట్టి ప్రకటనలో అబద్ధం ఉందనలేను.

థియరీ మాత్రం కడుపునిండా పెట్టారు. ఐరన్ రిమూవర్ కొట్టగానే, బ్రేకుల దగ్గర నుంచి ఎగిరి చక్రాలకి అంటుకున్న ఇనుప రజనుతో కలిసి ఊదారంగులో కారింది, 24 ఫోన్లు ఒక్కసారి లేచాయి, సత్యనారాయణ వ్రతంలో హారతికి కూడా అంత చురుగ్గా లేవరు జనం. రంగు పాడవకుండా పైన పూసే సిరామిక్ కోటింగ్ గురించి చెప్తూ "నైన్ హెచ్ హార్డ్‌నెస్, వజ్రంతో సమానం" అన్నారు. ఇంటికొచ్చాక తెలిసింది, ఆ హెచ్ పెన్సిల్ హెచ్ అని. పిల్లల డ్రాయింగు పెట్టెలో హెచ్‌బీ ఉంటుందే, దాని అన్నగారు. ఆ పెన్సిల్‌తో గీస్తే గీత పడదని దాని అర్థం, తాళంచెవితో గీసినా పడదని కాదు.

రెండో రోజు సాయంత్రం నిన్నిచ్చారు. బంగారు అంచు, కింద రెండు సంతకాలు, నా ఇంటిపేరులో ఓ అక్షరం ఎక్కువ. పరీక్ష లేదు. డబ్బు కట్టినవాళ్లంతా పాసే, ఆ మధ్యాహ్నం నుంచి కనపడకుండా పోయిన శ్రీకాకుళం కుర్రాడు కూడా "మాస్టర్ డీటెయిలర్" అయిపోయాడు. మన ఊళ్లో సంగీత కళాశాల పెట్టిన 1919లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వస్తే, ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు ఆయన వయొలిన్ విని ఏకంగా పాఠాలు చెప్పే ఉద్యోగమే ఇచ్చేశారని చెప్పుకుంటాం. అక్కడ కనీసం ఆయన వాయించింది విన్నారు. నేను చేసింది ఎవరూ చూడను కూడా చూడలేదు.

ఆ ధైర్యంతోనే కదా, నిన్ను మేకుకి తగిలించిన వారానికే మావయ్య ఎర్ర కారు మీద చెయ్యేశాను.

క్లాసులో పట్టుకోనిచ్చింది డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్ పాలిషింగ్ మిషన్. అది తిరుగుతూనే పక్కలకి ఊగుతుంది, వేడి ఒక్కచోట నిలవదు, కొత్త చేతులకి అదే మేలు. నేను కొన్నది రోటరీ, సగం ధరకి వచ్చింది కాబట్టి. అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, పైగా దానికి ఉన్ని ప్యాడ్ తగిలించాను. రాత్రి ఎనిమిదింటికి, ట్యూబులైటు కింద, బానెట్ అంచు దగ్గర కాసేపు ఆపానో లేదో ప్యాడ్‌లోకి ఎరుపు దిగింది. ఓహో, ఎన్నేళ్ల మురికో అనుకుని ఇంకాస్త నొక్కాను. నిజం చెప్తున్నాను, సంతోషించాను. మావయ్యని పిలిచి ప్యాడ్ చూపించాను కూడా. "చూశావా మావయ్యా, ఎంత మురికి వదిలిందో!" ఆయన కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి "ఔన్రా" అన్నాడు, పాపం.

కంపెనీ రంగు అన్ని పొరలూ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అందులో పైన మెరిసే క్లియర్ కోట్ ఓ 40, 50. తల వెంట్రుక అంతకంటే లావు. క్లియర్ కోట్‌కి రంగుండదు కాబట్టి, ప్యాడ్ మీద కారు రంగు కనపడిందంటే ఆ పొర దాటిపోయి కిందికి దిగిపోయామని, వీళ్ల భాషలో కాల్చేశామని. ఈ ముక్క నీ రెండు రోజుల్లో చెప్పారా? చెప్పే ఉంటారు. ఆ టైముకి నేను ఫొటో వరసలో ఉన్నానేమో.

ఆదివారం మావయ్య అరసవల్లి వెళ్లాడు. లోపల సూర్యనారాయణ స్వామి దర్శనం అయ్యింది, బయటికొస్తే స్వామి బానెట్ మీద ఇంకోసారి దర్శనమిచ్చాడు. ట్యూబులైటు దాచిన మిషన్ గీతలన్నీ ఎండ బయటపెట్టేసింది. ఫోనొచ్చింది. "ఏట్రా ఇది, బానెట్ నిండా నెమలీకలేసీసినావు? ఆ అంచున రూపాయి బిళ్లంత బొట్టేటి?" ఆ ఫోను నీ ఎదురుగానే ఎత్తాను. నువ్వేమీ మాట్లాడలేదు.

బానెట్ మొత్తం రంగు వేయించాల్సి వచ్చింది, బిల్లు నేనే కట్టాను. షెడ్డులో పెయింటర్ మేస్త్రి కథంతా విని నవ్వలేదు, అది ఇంకా బాధ. "అంచు కాడ రంగు పల్చగుంటాది బాబూ, ముందు టేపెయ్యాల. మిషన్ అక్కడ నిలబెట్టీస్తే ఇంకేటుంటాది?" అని, షెడ్డు వెనక పడున్న సొట్టబోయిన నల్ల బానెట్ చూపించి, "దీన్ని పాడుసెయ్, నీకెంత కావాలంటే అంత" అన్నాడు. మూడు ఆదివారాలు పాడుచేశాను. ప్యాడ్‌కి రాసే పాలిష్ ముద్ద, కాంపౌండ్, ఎండిపోతే పిండిలా ఎలా రాలుతుందో, రేకు వేడెక్కిందని అరచేతికి ఎప్పుడు తెలుస్తుందో, నొక్కకుండా మిషన్ బరువుని మిషన్‌కే వదిలేయడం ఎంత కష్టమో, టార్చి ఏటవాలుగా పడితే మెరుపు కింద ఎన్ని గీతలు దాక్కున్నాయో, అన్నీ ఆ తుక్కు రేకు మీదే తెలిశాయి. ఫీజు టీలు, ఒకరోజు బజ్జీలు. మేస్త్రి గోడ మీద నీలాంటిది ఒక్కటీ లేదు, ఓ వెంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉంది.

తర్వాత మొదటి నెలలో నాలుగు కార్లు వచ్చాయి. నీ సిలబస్‌లో లేనివన్నీ ఆ నాలుగింట్లోనే ఉన్నాయి. ఒకాయన చింతపల్లి బీచికి వెళ్లొస్తూ ఎండుచేపల మూట కొని రెండు రోజులు డిక్కీలో మర్చిపోయాడు, నేను సెంటు కొట్టాను, సెంటు పూసుకున్న ఎండుచేపలయ్యాయి. ఇంకో కారులో భీమాళి తాండ్ర ముక్క సీటుకీ బెల్టుకీ మధ్య ఎండకి కరిగి కాపురం పెట్టింది. మూడోది కొత్త కారు, మూడు లాంతర్ల దగ్గర పైడితల్లమ్మ గుడిలో పూజ చేయించి తెచ్చారు, బానెట్ మీద పసుపు కుంకుమతో స్వస్తిక్. కొడుకు చెరిపేయమంటాడు, తల్లి చెరిపితే ఊరుకోనంటుంది, ఇలాంటప్పుడు ఏ ప్యాడ్ వాడాలి? నాలుగో కారుది నా తప్పే. మా బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరనిచ్చాను, నల్ల కారు నిండా తెల్ల చుక్కలు తేలాయి. నీ హాల్లో ఏసీ, ఫిల్టర్ నీళ్లు. ఎండా లేదు, బోరూ లేదు.

అందుకని ఇంకో క్లాసు చూశాను. కోపం తెచ్చుకోకు. ఈసారి ఫోన్ చేసిన ప్రతిచోటా ఒకటే అడిగాను, మిషన్ నా చేతిలో ఎన్ని గంటలుంటుంది అని. మొదటాయన "హండ్రెడ్ పర్సెంట్ ప్రాక్టికల్ సార్, ఇవాళే కడితే రెండు వేలు తగ్గిస్తాం" అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ రెండు వేలు తగ్గించాడు, గంటలు మాత్రం చెప్పలేదు. రెండో చోట ఫీజు తక్కువే, కానీ వాళ్ల కిట్ కొనితీరాలి, కిట్‌లో పేరు లేని సీసాలు, ఏముంది వాటిలో అంటే "అది మా ఫార్ములా సార్".

మూడో ఆయన నా ప్రశ్న విని ఎదురు ప్రశ్న వేశాడు. "ఇప్పటిదాకా ఎన్ని అంచులు కాల్చారండీ?" ఒకటి అన్నాను, సిగ్గుపడుతూ. "మంచిది. మా దగ్గర మొదటి రోజే తుక్కు బానెట్ మీద మీ చేతే కావాలని ఒకటి కాల్పిస్తాం. ముందూ తర్వాతా మైక్రాన్ మీటరుతో మీరే కొలవాలి." నలుగురే బ్యాచి, మనిషికో మిషను, మూడు రోజులు, ఆఖరి రోజు నిజం కస్టమరు కారు, రేటు చెప్పడం దగ్గర్నుంచి మనమే. 26,000. సర్టిఫికెట్ ఇస్తారా అని నీ మొహం చూడలేక అడిగాను. "కావాలంటే ఇస్తాం, ప్రింటు ఖర్చు మీది" అన్నాడు.

అడ్వాన్సు కట్టేశాను. వంటింట్లోంచి "ఎనభై ఏడు కార్లు" అని వినపడింది.

ఇట్లు,
ఒక అక్షరం ఎక్కువైన ఇంటిపేరు గలవాడు,
విజయనగరం.

తా.క.: వచ్చే ఆదివారం మావయ్య భోజనానికి వస్తున్నాడు. ఆయన ఉన్నంతసేపు నిన్ను గోడవైపుకి తిప్పి పెడతాను. బల్లికి ముందే ఓ మాట చెప్పి ఉంచు.