ఒకటిన్నర శ్రుతి ఫ్యాను గారికి

విజయనగరం

మ.రా.రా.శ్రీ ప్రాసెసరు ఫ్యాను గారి సముఖమునకు,

మా ఇంటి కంప్యూటరులో వీణ పాఠాల రికార్డింగు మొదలైన నాటి నుంచి తమరి సంగీత పాండిత్యం మాకు సంపూర్ణంగా అవగతమైంది. తమరికి రెక్కలు ఏడు. నిమిషానికి 2400 చుట్లు, అంటే సెకనుకు 40 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ రెక్కలు గాలిని కోసే చప్పుళ్లన్నీ కలిసి 280 హెర్ట్‌జ్ నాదమవుతాయి. ఒకటిన్నర శ్రుతి 277 హెర్ట్‌జ్ కాబట్టి తమరు దానికి వెంట్రుకవాసి పైన ఉన్నారన్నమాట. అంతటితో ఆగితే తంబురా ఖర్చు తప్పిందని సంతోషించేవాళ్లమే. కాని బ్రౌజరులో మరో నాలుగు పేజీలు తెరిచేసరికి తమరు ఏ సంజ్ఞా లేకుండా 3000 చుట్లకు ఎగబాకి, 350 హెర్ట్‌జ్ దగ్గర, నాలుగు శ్రుతిలో స్థిరపడతారు. 1919లో పుట్టిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా ఉండి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు ఇది. ఇక్కడ కీర్తన నడుమ శ్రుతి మార్చిన పక్కవాద్యానికి రెండో కచేరీ దొరకదు; తమరికి మాత్రం కరెంటు ఉన్నంతసేపూ కచేరీయే.

తమరిని చెరిపేసే సాఫ్ట్‌వేరు ఉందని మిత్రులు చెప్పారు. ఉన్నమాట నిజమే. అయితే తమరి హోరును గుర్తుపట్టి తుడిచే ఆ సాఫ్ట్‌వేరు, బొబ్బిలి వీణ మీద మంద్రస్థాయిలో మీటిన తీగ సన్నగిల్లుతూ గమకంతో ముగిసే చివరి నాదాన్ని కూడా హోరుగానే భావించి తుడిచిపెడుతుంది. రెండింటిలో ఏది ఉండాలో తేల్చుకోవలసి వచ్చినప్పుడు మేము వీణ వైపు మొగ్గినందుకు తమరు నొచ్చుకోరని ఆశిస్తున్నాము.

లోకంలో తమరికున్న పరపతి సామాన్యమైనది కాదు. ఊళ్లో కంప్యూటర్లు బిగించే ఒక దుకాణానికి వెళ్లి చప్పుడు లేని చిన్న పెట్టె కావాలని అడిగితే, "ఫ్యాను సౌండు వినబడకపోతే మెషీన్‌లో పవర్ లేనట్టేనండీ" అన్నారు. ఆపైన రంగురంగుల లైట్లతో తమరి సోదరులు ముగ్గురు వెలుగుతున్న క్యాబినెట్టు ఒకటి చూపించి, పెట్టెకంతటికీ కరెంటు అందించే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఈ రోజుల్లో చాలదని, 650 వాట్లది వేయించుకోమని హితవు పలికారు. మేము దానితో ఏ పని చేస్తామో మాత్రం అడగలేదు. అడిగి ఉంటే తెలుగు టైపు చేయడం, వీణ రికార్డు చేయడం, అప్పుడప్పుడు కరెంటు బిల్లు కట్టడం అని మనవి చేసుకునేవాళ్లం. ఆ మూడు పనులకూ కలిపి 40 వాట్లు దాటని యంత్రాన్ని 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు తగిలిస్తే, అది తన శక్తిలో పదో వంతైనా వాడుకోకుండా కూర్చుంటుంది. 2004లో మొదలైన 80 ప్లస్ అనే ప్రమాణం ఇలాంటి పవర్ సప్లైని దాని శక్తిలో 20, 50, 100 శాతం వాడకం దగ్గర పరీక్షించి, మూడు చోట్లా తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతాన్ని యంత్రానికి అందిస్తేనే ముద్ర వేస్తుంది. పదో వంతుకు దిగువన ఆ ముద్ర ఏ హామీ ఇవ్వదు. అక్కడ వృథా అయిన కరెంటు వేడవుతుంది, ఆ వేడిని తోలడానికి ఎస్‌ఎంపీఎస్‌లో తమరి బంధువు మరొకరు కొలువులో ఉంటారు. ముందు పని పుట్టించి, ఆ పని చూపించి పోస్టు మంజూరు చేయించుకునే ఈ పద్ధతిని మన ప్రభుత్వ కార్యాలయాలు తమరి దగ్గర నేర్చుకున్నాయో, తమరే వాటి దగ్గర నేర్చుకున్నారో చెప్పడం కష్టం.

తమరి వంశ చరిత్ర కూడా కొంత తిరగవేశాము. 1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీ మొత్తానికీ కలిపి ఉన్న పవర్ సప్లై 63.5 వాట్లది, ఈనాటి ఆడంబరమైన యంత్రాలలో ఒక్క గ్రాఫిక్స్ కార్డే దానికి నాలుగింతలు తాగుతుంది. ఇంటి ప్రాసెసర్ల లోకంలో తమరి స్వర్ణయుగం 2004. ఆ ఏడాది వచ్చిన ఇంటెల్ ప్రెస్కాట్ రకం పెంటియం 4 ప్రాసెసర్లలో కొన్నింటి టీడీపీ, అంటే చల్లార్చవలసిన వేడి లెక్క, 115 వాట్లకు చేరింది, తమరు ఇళ్లలో విమానాల్లా మోగారు. ఆ జోరులోనే ప్రాసెసరు వేగం పెంచే గిగాహెర్ట్‌జ్‌ల పరుగు గోడకు గుద్దుకుంది: టేజస్ అనే తరువాతి ప్రాసెసరును ఆ కంపెనీ మే నెలలో రద్దు చేసింది, 4 గిగాహెర్ట్‌జ్ పెంటియంను అక్టోబరులో మానుకుంది, అధినేత క్రెయిగ్ బారెట్ ఒక సభావేదిక మీద మోకరిల్లి, నవ్వులాటకే అయినా, క్షమాపణ కోరారు. ప్రాసెసరును తయారు చేసినవారే మోకాళ్ల మీద నిలబడి ఒప్పుకున్న సంగతిని మన దుకాణాలు ఇంకా ఒప్పుకోవలసి ఉంది.

తమరి ప్రధాన వాదం మాకు తెలుసు: నేను వేడిని బయటికి తోలుతున్నాను, నేను లేకపోతే చిప్పు మాడిపోతుంది. బయటికి అంటే ఎక్కడికండీ? పెట్టెలోంచి గదిలోకి. కంప్యూటరు 80 వాట్లు తీసుకుంటే, లెక్క చేసినా, బొమ్మ చూపినా, ఊరికే మేలుకొని ఉన్నా, చివరికి ఆ 80 వాట్లూ వేడిగా గదిలోనే దిగుతాయి. వైశాఖంలో విజయనగరం గదికి అదనపు వేడి ఎంత అవసరమో తమరే ఆలోచించండి. తమరు తోలిన వేడిని చెదరగొట్టడానికి పైన 75 వాట్ల సీలింగు ఫ్యాను అయిదో నంబరులో తిరగాలి, అది మళ్లీ మైకులో పడుతుంది. రోజుకు పది గంటల చొప్పున 80 వాట్లంటే నెలకు 24 యూనిట్లు. అదే పని 10 వాట్లతో జరిగితే 3 యూనిట్లు. తమరి చప్పుడు వేడికి కొలత, వేడి వృథాకు కొలత. కాబట్టి తమరి నోరు నొక్కే ప్రయత్నం, అంటే పెట్టె లోపల స్పాంజి అంటించడం, రబ్బరు బుడిపెలు పెట్టడం వంటివి చేయదలచుకోలేదు. తమరికి పని లేకుండా చేయదలచుకున్నాం.

ఇక్కడ తమరి పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఫ్యాను లేకపోవడమే గొప్ప అనుకుని తమరిని బయటికి నెట్టినవారూ దెబ్బతిన్నారు. స్టీవ్ జాబ్స్ పట్టుబట్టి 1984 నాటి మాకింటాష్‌లో తమరికి చోటు లేకుండా చేశారు. లోపలి పవర్ సప్లై, పిక్చర్ ట్యూబు వేడి మాత్రం అలాగే ఉండడంతో, రొట్టెలు కాల్చే పెట్టె అని ఆ యంత్రాన్ని ఎగతాళి చేశారు. 1987లో వచ్చిన మాకింటాష్ ఎస్ఈలోకి తమరు సగౌరవంగా తిరిగి వచ్చారు. వేడిని ఉంచుకొని తమరిని పంపడం మూర్ఖత్వమని మేమూ అంగీకరిస్తున్నాము.

అందుచేత వేడి దగ్గరే మొదలుపెట్టాము. 2023 జనవరిలో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసరుకు కోర్లు నాలుగు, టీడీపీ 6 వాట్లు. బోర్డులు అమ్మేవారిలో పలువురు పోటీ కోసం బోర్డు అమరికలుండే బయోస్‌లో ఆ హద్దు పెంచి పంపుతారు కాబట్టి, దానిని మళ్లీ కిందికి దించడం కొన్నవారి బాధ్యత. దానిని అమర్చిన మినీ ఐటీఎక్స్ బోర్డు 17 సెంటీమీటర్ల చదరం. 2001లో వయా కంపెనీ ప్రవేశపెట్టిన కొలత అది. నిమిషానికి 7200 సార్లు గిరగిరలాడే హార్డు డిస్కు బదులు కదిలే భాగమే లేని ఎస్ఎస్‌డీ పెట్టాము. ఎస్‌ఎంపీఎస్ స్థానంలో లాప్‌టాప్‌లకు వాడేలాంటి 12 వోల్టుల అడాప్టరు బల్ల కింద ఉంటుంది. దాని వేడి పెట్టెలోకి రాదు. ప్రాసెసరు నెత్తిన అల్యూమినియం పలకల హీట్ సింకు, మధ్యన వేడిని దాటించే థర్మల్ పేస్టు పలుచగా. ఆ పలకలు నిలువుగా ఉండేలా పెట్టెను నిలబెట్టాము, వేడెక్కిన గాలి తనంతట తాను పైకి పోయే దారి కావాలి కదా. గాలిని తోలేవారు లేనిచోట గాలికి అడ్డు లేకుండా ఉండడమే అసలు విద్య. అందుకనే దానిని టీవీ బీరువాలోకి నెట్టరాదని, దుమ్ము పడుతుందని లేసు అల్లిన గుడ్డ కప్పరాదని ఇంటిల్లిపాదికీ ఉత్తర్వులు జారీ అయ్యాయి. రెండో ఉత్తర్వు అమలుకు అత్తగారి సమ్మతి ఇంకా రావలసి ఉంది.

తమరు లేకపోయేసరికి కొత్త గొంతులు కొన్ని బయటపడ్డాయి. బోర్డు మీది కాయిల్, అంటే తీగచుట్ట, ఒకటి సన్నగా ఈల వేస్తోంది. ఇన్నాళ్లూ తమరి హోరులో అదెవరికీ వినబడలేదు. మైకును మూరెడు దూరం జరిపితే ఆ ఈల దానికి అందడం లేదు.

అయినా తమరిని పూర్తిగా వీధిన పడేయడం లేదు. వీడియో కూర్పు కోసం పక్కగదిలో ఉన్న రెండో యంత్రంలో ప్రాసెసరు పెద్దది. దాని వోల్టేజిని పదో వంతు తగ్గించాము. వోల్టేజి వర్గానికి అనులోమంగా వాటేజి మారుతుంది కనుక, వేగం తగ్గకుండానే చిప్పు ఖర్చు సుమారు అయిదో వంతు దిగింది. అయినప్పటికీ మే నెలలో దానికి కొంత గాలి అవసరం. ఆ కొలువు తమ వంశీకులలో ఒకరికి ఈ కింది షరతుల మీద ఇవ్వదలచాము. అభ్యర్థి 80 మిల్లీమీటర్లవారు కాక 120 మిల్లీమీటర్లవారై ఉండాలి. ముఖవైశాల్యం రెండింతలకు మించి ఉంటుంది కాబట్టి అదే గాలిని తీరికగా తోలవచ్చు. ఏ ఫ్యానైనా వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెళ్లు పడిపోతుంది, తాగే కరెంటు ఎనిమిదో వంతుకు దిగుతుంది. మామూలుగా 600 చుట్లు చాలు. రెక్కలు ఏడే అయితే 70 హెర్ట్‌జ్, అంటే రెండు స్థాయిలు కిందికి దిగినా అదే ఒకటిన్నర శ్రుతి. వంశ గౌరవానికి భంగం లేదు. చిప్పు 70 డిగ్రీలు దాటితే తప్ప వేగం పెంచరాదు, పెంచినా మెట్టు మెట్టుగా పెంచాలి. బేరింగు గరగరలాడిన నాడు నోటీసు ఇవ్వకుండా తొలగిస్తాము. వేగాన్ని పల్సులతో అదుపు చేసే నాలుగు పిన్నుల సాకెట్టు బోర్డు మీద ఖాళీగా ఉంది. మూడు పిన్నులవారి దరఖాస్తులు ఈసారికి పరిశీలించబడవు.

ఇట్లు,
వీణ ఇంటివారు