అద్దాల అధికార వికేంద్రీకరణ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ 1959లో మొదలైంది షాద్‌నగర్‌లో, అంటే నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో. అలాంటి నేల మీద పాత కార్ల తలుపుల్లో స్థానిక స్వపరిపాలన రద్దయిపోతుంటే ఏ పార్టీ నోరు మెదపడం లేదు.

2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800నే తీసుకోండి. చేత్తో తిప్పే పిడి ఉన్నంతకాలం ఎవరి అద్దం వారిది, ఎవరి గాలి వారిది. పైనుంచి నిధులు రానక్కరలేదు, బ్యాటరీ కూడా అక్కరలేదు. అయితే పెళ్లింటి ముందు నలుగురూ చూస్తుండగా మోచేయి ఆడించడం నామోషీ కదా! అందుకే మా బావ తన 800కు పవర్ విండోలు, అంటే మీట నొక్కితే మోటారుతో కదిలే అద్దాలు, పెట్టించాడు. డబ్బు ముందు తలుపుల వరకే సరిపోయింది. వెనక సీటు ఇంకా పిడుల పాలనలోనే ఉంది.

కంపెనీ నుంచే పవర్ విండోలతో వచ్చిన కార్లలో సంగతి ఇంకా గంభీరం. చాలా వాటిలో వెనక తలుపు స్విచ్‌కు కరెంటు డ్రైవర్ దగ్గరున్న ప్రధాన స్విచ్ గుండానే రావాలి. అక్కడ కాంటాక్టులు నల్లబడితే వెనక మోటారు, స్విచ్ భేషుగ్గా ఉన్నా అద్దం కదలదు. ఫైలు కేంద్రంలో ఆగింది. పైగా అందరి అద్దాలనూ బిగించే మీట ఒకటి. పిల్లల భద్రత కోసమట. అధికారం లాక్కునేవారు ఏనాడు భద్రత పేరు ఎత్తలేదు?

ఇక నల్లగొండ ఎండ. అద్దం జారే రబ్బరు గట్టిపడుతుంది, అందులో దుమ్ము పేరుకుంటుంది. మోటారు మూలుగుతూ లాగి, వేడెక్కి, లోపలి రక్షణ మీట తెగి మధ్యలో ఆగుతుంది. చల్లబడ్డాక మళ్లీ డ్యూటీకి వస్తుంది. రబ్బరు తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే తీరే రోగానికి మెకానిక్ మోటారు మార్పిడి రాస్తాడు. కొందరు గ్రీజు పూస్తారు. అది దుమ్ముకు ఆహ్వాన పత్రిక. తలుపు తెరిచి మూసేచోట తీగలు నలిగి తెగుతాయి, అక్కడ మాత్రం ఎవరూ చూడరు. వేరే ఫ్యూజు, రిలే లేకుండా సిగరెట్ లైటర్ తీగకే మోటార్లను ముడివేసే మహానుభావులూ ఉన్నారు. వారి పక్కన కూర్చునేటప్పుడు బీమా కాగితం దగ్గరుంచుకోండి.

ఆమధ్య నకిరేకల్ దాటాక పోలీసులు ఆపారు. బావ మీట నొక్కాడు. అద్దం రెండంగుళాలు దిగి నిలిచిపోయింది. తలుపు తెరుద్దామంటే కానిస్టేబుల్ దానికే ఆనుకుని నిలబడ్డాడు. ఆ సందులోంచి బావ ఏదో చెబుతుండగా వెనక సీట్లో అత్తయ్య పిడి గిరగిరా తిప్పి తల బయటపెట్టింది.

"ఏం కావాలి నాయనా?"

"కాగితాలమ్మా."

బావ ఆర్సీ, లైసెన్సు వెనక్కి అందించాడు. అత్తయ్య చూపించింది, రెండు ప్రశ్నలకు జవాబు చెప్పింది, పిడి తిప్పి అద్దం ఎత్తేసింది. తర్వాత కొడుకుతో, "ఇక పోనీయ్" అంది.