సర్దుబాటు స్టాండు గారికి ఒక కర్ర యజమాని విన్నపం

మహారాజశ్రీ సర్దుబాటు స్టాండు గారి దివ్యపాదాలకు (అవి మూడా, నాలుగా, ఐదా అన్నది తర్వాత తేల్చుకుందాం) ఒక కర్ర యజమాని అనేక నమస్కారాలు చేసి రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. అనడమైతే అన్నాను గానీ, ఉభయుల్లో ఒకరైన కర్ర ప్రస్తుతం గోడకు చేరగిలబడి ఉంది. తమరు దాని పక్కనే కాళ్లు బార్లా చాచుకుని, ఈ గొడవకూ మీకూ సంబంధం లేనట్టు నిలబడి ఉన్నారు. మీరు నిలబడగలరన్న విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. నెత్తి మీద ఏమీ లేనప్పుడు మీ అంత నిటారుగా ఇంకెవరూ నిలవలేరు.

కర్ర కోరిక చాలా చిన్నది. అది జెండా గడ కావచ్చు, గొడుగు కాడ కావచ్చు, దీపం మోసే గొట్టమో, బోర్డు మోసే పైపో, తెర కట్టే వాసమో కావచ్చు. దాన్ని నిలువుగా పట్టుకోవాలి, గాలి వీచినప్పుడు కూడా పట్టుకోవాలి. అంతే. నిజానికి ఆ పనికి గొయ్యి తవ్వి పాతేస్తే చాలు. గొయ్యికి నట్లుండవు, వాడే విధానం చెప్పే కాగితం ఉండదు, అర్ధరాత్రి కాళ్లు ముడుచుకుని కూలబడే అలవాటు అసలే ఉండదు. గచ్చు మీదా వేదిక మీదా గొయ్యి తవ్వనివ్వరు కనక తమరి అవసరం పడింది. ఆ అవసరాన్ని తమరు అలుసుగా తీసుకున్నారు.

పెట్టె మీద ఏమని అచ్చేయించుకున్నారు? ‘25 నుంచి 50 మిల్లీమీటర్ల వరకు ఏ కర్రయినా, ఏ కోణమైనా, ఏ నేలయినా!’ ఎత్తు మార్చుకోవచ్చు, వంపు మార్చుకోవచ్చు, కాళ్ల ఎడం మార్చుకోవచ్చు, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. చదువుతుంటేనే కొనబుద్ధేస్తుంది. వాడటం మొదలుపెట్టాక గానీ అసలు సంగతి బయటపడదు: మార్చుకోవడానికి వీలున్న ప్రతి కీలూ, మనం చెప్పకుండానే తనంతట తాను మారడానికీ వీలున్న కీలే. తమరిని గీసిన డిజైనరు గారికి ఇది తట్టకపోవడంలో వింతేమీ లేదు. కంప్యూటరు తెర మీద నట్లు వదులవవు.

ముందు మీ మెడ సంగతి చూద్దాం. ఒక పక్క చీలిక ఉన్న క్లాంపు, చీలికకు అటూ ఇటూ రెండు పెదవులు, వాటిని దగ్గరకు లాగే ఒక బోల్టు, దానికో వింగ్ నట్టు, అంటే వేళ్లతో తిప్పే రెక్కల నట్టు. నట్టు తిప్పేకొద్దీ పెదవులు దగ్గరవ్వాలి, క్లాంపు కర్రను కరచుకోవాలి. జరిగేది వేరు. పెట్టె మీద హామీ ఇచ్చిన సన్నకర్ర పెట్టి నట్టు తిప్పుతుంటే, కర్ర లోపల ఇంకా వదులుగా ఉండగానే పెదవులు రెండూ వచ్చి ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. అక్కణ్ణుంచి ఎంత తిప్పినా ఇనుము ఇనుమునే నొక్కుతుంది. చేతికి మాత్రం బ్రహ్మాండంగా బిగిసినట్టే ఉంటుంది. వేళ్లు ఎర్రబడతాయి, నట్టు రెక్క బొటనవేలి మీద అచ్చుపడుతుంది, హమ్మయ్య అనుకుని చెయ్యి తీస్తాం. కర్ర నిమ్మళంగా జారి కింద కూర్చుంటుంది. బిగించాక కూడా ఆ చీలికలోంచి అవతలి వెలుతురు కనబడితేనే పట్టు దొరికినట్టు. కనబడకపోతే బిగిసింది కర్ర కాదు, తమరి గర్వం.

మీ తమ్ముడుగారి పద్ధతి ఇంకోరకం. ఆయన కరచుకోరు, పొడుస్తారు. గొట్టంలోకి కర్ర దించాక పక్కనుంచి స్క్రూ దిగుతుంది. పలచటి అల్యూమినియం పైపయితే మొదటి పొడుపుకే సొట్ట పడుతుంది. తర్వాత ఎత్తు కాస్త అటో ఇటో మారుద్దామంటే స్క్రూ కొన తిన్నగా పాత సొట్టలోకే జారిపోతుంది. అంటే మార్చుకోగల ఎత్తు ఒకటే, అది మొదటిరోజు ఖాయమైపోయింది. ఇక ఆ ప్లాస్టిక్ నాబ్! లోపల పోతపోసిన నట్టు కొన్నాళ్లకు ప్లాస్టిక్‌తో తెగతెంపులు చేసుకుంటుంది. అప్పుడు నాబ్ గిరగిరా తిరుగుతుంది, నట్టు కదలదు. బిగించడానికీ రాదు, విప్పడానికీ రాదు.

ఇంత భాగోతం ఎందుకండీ? ఇంగ్లీషు ‘వి’ అక్షరంలాంటి గాడి ఒకటి ఉంటే, గుండ్రటి కర్ర ఏ లావుదైనా రెండు గీతల మీద కుదురుగా ఆనుతుంది. ఎదురు వైపు నుంచి ఒక బెల్టుతో లాగినా, కొనకు రబ్బరు మెత్త ఉన్న స్క్రూతో నొక్కినా పట్టు వచ్చేస్తుంది. దీనికి డిజైనర్లు ఒక అభ్యంతరం చెబుతారు: కర్ర లావు మారితే స్టాండుకు నట్టనడుమ ఉండదట. నిజమే. గాడి 90 డిగ్రీలదైతే 25 మిల్లీమీటర్ల కర్రకూ 50 మిల్లీమీటర్ల కర్రకూ మధ్య కేంద్రం సుమారు 18 మిల్లీమీటర్లు జరుగుతుంది. జరగనివ్వండి, కొంపలేమీ మునగవు! కర్రను అచ్చంగా నడిమధ్యన పట్టే మూడు దవడల పట్టు (చక్) లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే లేతు మిషనుకు కావాలి, ఎందుకంటే అక్కడ పట్టుకున్నది తిరగాలి. ఇక్కడ తిరగనక్కర్లేదు, పడకుండా ఉంటే చాలు. వెదురు గడ విషయం మాత్రం వేరు. మొదలు లావు, కొస సన్నం కాబట్టి గాడి తనకు ఆనిన వీపును నిటారుగా పెడుతుంది గానీ గడ నడిమి గీతను కాదు. అక్కడ కొద్దిపాటి వంపు సర్దుబాటు న్యాయంగా కావలసిందే. తమరి సర్దుబాట్లన్నీ దండగని నేను అనలేదు సుమండీ.

అసలు నేరం ఇంకా చెప్పనేలేదు. కర్రను తమరు ఒకే చోట పట్టుకుంటారు. ఊరేగింపులో ముందు నడిచే జెండా మనిషి గడను ఒక చెయ్యి కిందా ఒక చెయ్యి పైనా వేసి పట్టుకుంటాడు. రెండు చేతులూ ఒకచోటే పెడితే నాలుగడుగులు వేసేలోపు గడ అతన్నే మోసుకుపోతుంది. ఆయన ఏ ఇంజనీరింగూ చదవలేదు. తమరిని గీసినవారు చదివే ఉంటారు, అదే బాధ.

లెక్క పెద్దదేం కాదు. నేల నుంచి 2 మీటర్ల ఎత్తున ఒక చదరపు మీటరు బోర్డు ఉందనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల గాలి దాన్ని తక్కువలో తక్కువ 6 కిలోల బరువంత బలంతో తోస్తుంది. కింద పట్టుకున్న రెండు చోట్ల మధ్య దూరం 10 సెంటీమీటర్లే అయితే ఒక్కోచోట సుమారు 120 కిలోల బలం పడుతుంది. ఆ దూరం 40 సెంటీమీటర్లు చేయండి, అది 30 కిలోలకు దిగుతుంది. గాలి అదే, బోర్డు అదే, ఇనుమూ కాస్త అటూ ఇటూగా అంతే. ఊగులాట కూడా ఇదే దారిలో తగ్గుతుంది. 10 సెంటీమీటర్ల లోతు గొట్టంలో ఒక్క మిల్లీమీటరు వదులుంటే 3 మీటర్ల కర్ర కొస 3 సెంటీమీటర్లు ఊగుతుంది. 40 సెంటీమీటర్ల ఎడంలో పట్టుకుంటే అదే వదులుకు ఆ ఊగులాట ఒక సెంటీమీటరు లోపే. ఇంత చౌక మందు పెట్టుకుని, తమరు మెడ పొడవు బెత్తెడు చేసి, దానికి బదులు వంపు కొలిచే డిగ్రీల గీతలు చెక్కించుకున్నారు. మెడ నిలవనప్పుడు ఎన్ని డిగ్రీలు వంగిందో తెలిసి ఏం చేసుకోను?

ఇప్పుడు దివ్యపాదాల దగ్గరకు వద్దాం. మూడు కాళ్ల మీద తమరి వంశానికి వల్లమాలిన అభిమానం. దానికి కారణమూ ఉంది: మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి కాబట్టి ఎగుడుదిగుడు నేల మీద కూడా ముక్కాలి ఏదీ లొటలొటలాడదు. లొటలొటలాడకపోవడం వేరు, పడకపోవడం వేరు. కాలు నడుమ నుంచి 40 సెంటీమీటర్లు చాచినా, రెండు కాళ్ల మధ్య సందువైపు బోర్లా పడటానికి తమరికి అడ్డున్న దూరం 20 సెంటీమీటర్లే. నాలుగు కాళ్లయితే అది 28, ఐదయితే 32. ఆఫీసుల్లో తిరిగే కుర్చీలకు ఐదు కాళ్లు పెట్టింది ముచ్చట కోసం కాదు. పోనీ మూడే ఉంచుకోండి, తప్పులేదు. అలాంటప్పుడు గాలి ఎటు తోస్తుందో అటువైపుకు ఒక కాలు చాచి ఉంచాలని కాగితం మీద ఒక్క ముక్క రాయించండి. గాలి ఆ కాలి వైపు తోస్తున్నంతసేపు మీ బలం రెట్టింపు. రాయించలేదు. దానికి బదులు ‘బల్లపరుపు నేల మీద, గాలి లేని చోట మాత్రమే వాడవలెను’ అని రాయించారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! గాలీ లేక, నేలా చదునుగా ఉంటే పిల్లవాడు కూడా కర్రను రెండు ఇటుకల మధ్య నిలబెడతాడు.

బరువు మాట ఎత్తితే తమరికి కోపం వస్తుందని తెలుసు, అయినా తప్పదు. ఇందాకటి బోర్డునే తీసుకుందాం. నడుమ నుంచి పడే అంచుకు 30 సెంటీమీటర్లుంటే దాన్ని ఆపడానికి 40 కిలోల బరువు కావాలి. ఆ దూరం 60 చేస్తే 20 కిలోలు చాలు. గాలి రెట్టింపైతే తోపు నాలుగింతలు, అప్పుడు 40 కిలోలు కాస్తా 160 అవుతాయి. తమరి ఒంటి బరువు ఎంతో పెట్టె మీద చాలా గర్వంగా రాసుకున్నారు, ఒక చేత్తో ఎత్తే బొమ్మతో సహా. ఒక చేత్తో మనిషి ఎత్తగలిగిందాన్ని గాలి చిటికెన వేలుతో పడేస్తుంది.

ఇక్కడ తమరినొక్కరినే అనడం ధర్మం కాదు. కొనేవాళ్ల కోరికలూ అలాగే ఉన్నాయి. మోసేటప్పుడు దూదిలా ఉండాలి, నిలబెట్టాక కొండలా ఉండాలి, దారికి అడ్డం రాకూడదు, చూపుకి సన్నగా ఉండాలి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1834లో ఆవిష్కరించిన అలెగ్జాండర్ స్తంభం సుమారు 600 టన్నుల ఒకే రాయి. పీఠానికి ఏ కట్టూ బోల్టూ లేకుండా కేవలం తన బరువుతో నిలిచి ఉంది. అది మడిచి సంచిలో పెట్టుకోవడానికి వీలవుతుందా అని జారు చక్రవర్తి అడిగినట్టు ఎక్కడా చదవలేదు.

ఈ రెండు కోరికలకూ రాజీ కుదర్చాలని తమరి పెద్దన్నగారు బోలు పొట్టతో పుట్టారు. మోసేటప్పుడు ఖాళీ, వాడేటప్పుడు నీళ్లు నింపుకోవడం. ఆలోచన బంగారం, ఒప్పుకుంటాను. తమరి వంశంలో నాకు నచ్చిన బుర్ర ఇదొక్కటే. కానీ 20 లీటర్ల పొట్టలో పట్టేది 20 కిలోలే. మూత సందులోంచి అవి చుక్కా చుక్కా కారిపోతుంటాయి, కర్ర వాలేదాకా ఎవరికీ తెలియదు. చలికి గడ్డకడితే నీళ్లు దాదాపు 9 శాతం ఉబ్బి పొట్ట పగులుతుంది. అదే పొట్టలో పొడి ఇసుక పోస్తే సుమారు 32 కిలోలు వస్తుంది, కారదు, గడ్డకట్టదు. అయితే ఇసుక పోయాలంటే మూత నోరు వెడల్పుగా ఉండాలి. తమరి అన్నగారి నోరు గరాటు కూడా దూరనంత సన్నం.

రసమట్టం గురించి రెండు ముక్కలు. భుజం మీద ఒక బుడగ పెట్టుకున్నారు, సంతోషం. దాన్ని చూసి సరిచేయడానికి కాళ్ల కింద మర పాదాలు ఉండాలిగా? 10 మిల్లీమీటర్ల మామూలు బోల్టు ఒక చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు లేస్తుంది. పాదాల మధ్య 60 సెంటీమీటర్లుంటే ఆ ఒక్క చుట్టుకు 3 మీటర్ల కర్ర కొస ఏడెనిమిది మిల్లీమీటర్లు జరుగుతుంది. ఎంత ముద్దైన సర్దుబాటు! కావలసినంత సన్నంగా కదులుతుంది, బరువు తనమీదే ఉంటుంది గనక తేలిగ్గా వదులవదు, పైగా ఓ లాక్ నట్టు వేస్తే అసలే కదలదు. సర్దుబాటంటే ఇదీ. తమరికి మాత్రం ఇది లేదు. బుడగ ఉంది, పాదాలకు రబ్బరు తొడుగులున్నాయి. తప్పు చూపించే ఏర్పాటు చేశారు, దిద్దుకునే ఏర్పాటు మానేశారు.

కాబట్టి వచ్చే మోడలుకు నా కోరికలు ఇవి. పట్టు రెండు చోట్ల, వాటి మధ్య కనీసం మూర ఎడం. గాడి, బెల్టు. ఐదు కాళ్లు, లేదా పొడవాటి మూడు కాళ్లు. వాటి మీద ఇసుక సంచి ఆనించడానికి చోటు. పాదాలకు మర. మిగతా కీళ్లన్నిటినీ నిర్దాక్షిణ్యంగా వెల్డింగ్ చేయించండి. పెట్టె మీద ‘ఏ కోణమైనా’ అన్నది కొట్టేసి ‘ఒకటే కోణం: నిలువు’ అని అచ్చేయించండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
కర్ర యజమాని

తా.క.: జవాబు తమరు స్వయంగా రాయండి. డిజైనరు గారి చేత రాయిస్తే దానికీ ఎక్కడో ఒక వింగ్ నట్టు పెడతారు.